గింజలోకి చేరే ఎరువు



మా అవ్వ సజ్జలు కొనేటప్పుడు ధర అడగకముందే ఒక మాట అడిగేది. "ఏ చేలోవి?" అనేది. చేను ఎవరిదో తెలిశాక, "పెంట తోలిన చేనా, మందు చల్లిన చేనా?" అనేది. మాది కోయంబత్తూరు ప్రాంతంలో తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. బయట కంబు అనే ధాన్యమే మా ఇంట్లో సజ్జ. పెంట తోలిన చేలో పండిన సజ్జ సంకటి ఒక ముద్ద తింటే పొద్దుగూకేదాకా ఆకలి వేయదని అవ్వ గట్టి నమ్మకం. మందు చల్లిన చేలో గింజ చూడటానికి లావుగానే ఉంటుంది గాని, లోపల సత్తువ ఉండదనేది. మేము నవ్వేవాళ్ళం. గింజ గింజే కదా, ఏ ఎరువు వేస్తే ఏమి అని వాదించేవాళ్ళం.

బి.ఇడి. చదివి, బడిలో సైన్సు పాఠాలు చెప్పడం మొదలుపెట్టి చాలా ఏళ్ళు గడిచాక నాకు ఒక సంగతి తెలిసింది. అవ్వ అడిగిన ఆ ప్రశ్ననే, ఆమె ఇంకా తొట్టెలో ఉన్న రోజుల్లో, మా ఊరికి కొద్ది దూరంలో కూర్చుని ఇద్దరు శాస్త్రజ్ఞులు పరీక్షకు పెట్టారు. ఒకరు కోయంబత్తూరు వ్యవసాయ కళాశాలలో రసాయన శాస్త్రజ్ఞుడు, పేరు బి. విశ్వనాథ్. రెండోవారు పైన నీలగిరి కొండల్లో కూనూరులో ఉన్న వైద్యుడు, పేరు రాబర్ట్ మెక్‌కారిసన్. మొక్క విత్తనాన్ని ప్రయోగశాలలో మార్చకుండా, దానికి పెట్టే తిండిని మార్చి, పైరు ఎదుగుదలనూ గింజలోని మేలైన పదార్థాలనూ పెంచగలమా అన్నది ఆ ప్రశ్న. ఈనాటి ప్రసంగం ఆ ప్రశ్న చరిత్ర గురించి.

మొక్కకు తిండి ఏమిటి అన్న విషయంలో పందొమ్మిదో శతాబ్దంలో పెద్ద మార్పు వచ్చింది. 1840లో జర్మనీ రసాయన శాస్త్రజ్ఞుడు లీబిగ్, మొక్క నేలలోంచి తీసుకునేది ఖనిజ లవణాలేనని గట్టిగా వాదిస్తూ పుస్తకం రాశాడు. 1842లో ఇంగ్లండులో జాన్ లాస్ అనే భూస్వామి సూపర్ ఫాస్ఫేటుకు పేటెంటు తీసుకున్నాడు. మరుసటి ఏడు, అంటే 1843లో, రోథమ్‌స్టెడ్ అనే తన ఎస్టేటులో గోధుమ చేనును మడులుగా విడదీసి, ఏటా ఏ మడికి ఆ ఎరువే వేస్తూ దిగుబడి తూచడం మొదలుపెట్టాడు. అది ఈనాటికీ నడుస్తూ ఉంది. అప్పటి నుంచి ఎరువు మంచిదా కాదా అన్నదానికి తీర్పు చెప్పేది తక్కెడ. ఎన్ని బస్తాలు పండాయి, అంతే. ఆ బస్తాలో ఏముందన్నది ఎవరూ పెద్దగా అడగలేదు.

మన దేశంలో పరిస్థితి చూడటానికి 1889లో వోల్కర్ అనే రసాయన శాస్త్రజ్ఞుణ్ణి ఆంగ్ల ప్రభుత్వం పంపింది. ఆయన 1893లో ఇచ్చిన నివేదిక చదవదగ్గది. భారత రైతుకు వ్యవసాయం నేర్పాలని వచ్చిన మనిషి, చాలాచోట్ల రైతు దగ్గర నేర్చుకోవలసిందే ఎక్కువని రాశాడు. అయితే ఒక్క విషయంలో మాత్రం బాధపడ్డాడు. వంటచెరకు లేక పేడను పిడకలు చేసి కాల్చేస్తున్నారు, పొలానికి పోవలసిన బలం పొయ్యిలో బూడిదవుతున్నది అన్నాడు. మా చిన్నతనంలో మా వీధి గోడల మీద పిడకలు చూసిన నాకు ఆ మాట బాగా అర్థమవుతుంది.

మద్రాసు దగ్గర సైదాపేటలో ఉన్న వ్యవసాయ కళాశాలను 1906లో కోయంబత్తూరుకు తరలించారు. 1909లో కొత్త భవనం తెరిచారు. ఆ సంవత్సరమే అక్కడ రోథమ్‌స్టెడ్ పద్ధతిలో శాశ్వత ఎరువుల ప్రయోగం మొదలైంది. ఒక మడికి ఏమీ వేయరు. ఒకదానికి నత్రజని మాత్రమే. ఒకదానికి నత్రజని, భాస్వరం. ఇంకొకదానికి నత్రజని, భాస్వరం, పొటాషు మూడూ. మరొకదానికి పశువుల ఎరువు. ఈ ఏడు వేసినదే వచ్చే ఏడూ, ఆ పై ఏడూ. ఇక్కడ ఒక వింత చెప్పాలి. అదే 1909 జులైలో జర్మనీలో ఫ్రిట్జ్ హేబర్ గాలిలోని నత్రజనిని పట్టి అమ్మోనియాగా మార్చి చూపించాడు. ఈనాటి యూరియా బస్తాకు పుట్టినరోజు అదే అనుకోవచ్చు. బస్తా పుట్టిన ఏడే, దాన్ని తూచే మడి కూడా కోయంబత్తూరులో పుట్టింది.

ఇప్పుడు కూనూరుకు వెళదాం. మెక్‌కారిసన్ ఉత్తర ఐర్లండులో 1878లో పుట్టి, 1901లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరాడు. కాశ్మీరుకు ఉత్తరాన గిల్గిత్ కొండల్లో పనిచేస్తూ, అక్కడి పల్లెల్లో మనుషుల గొంతు దగ్గర వాచే గాయిటరు జబ్బును పరిశీలించాడు. తర్వాత కూనూరులోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చాడు. 1918లో అక్కడ ఒకే ఒక్క గదిలో బెరిబెరి జబ్బు మీద విచారణ విభాగం మొదలైంది. ఈ జబ్బు మన తెలుగువారికి బాగా తెలిసినదే. మన దేశంలో బెరిబెరి బాగా పాతుకుపోయిన చోటు ఉత్తర సర్కారు జిల్లాలు, అంటే నేటి కోస్తా ఆంధ్ర. మర పట్టిన తెల్లని పచ్చి బియ్యం తినడం వల్ల తవుడుతో పాటు ఒక విటమిను పోయి, కాళ్ళు తిమ్మిరెక్కి, గుండె బలహీనపడి మనుషులు చనిపోయేవారు. ఉప్పుడు బియ్యం తినే తమిళ జిల్లాల్లో అది అంతగా లేదు. వడ్లు ఉడకబెట్టినప్పుడు పొట్టులోని విటమిను గింజ లోపలికి ఇంకుతుంది, అందుకు. రెండు భాషల మధ్య పెరిగిన మా ఇంట్లో ఉప్పుడు బియ్యమా పచ్చి బియ్యమా అని పండగ పూట జరిగే తగాదా వెనుక ఇంత శాస్త్రం ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

బియ్యాన్ని ఎలా దంచారన్నదాన్ని బట్టి మనిషి ఆరోగ్యం మారుతుందని తేలాక, మరో ప్రశ్న దానంతటదే వస్తుంది. గింజను దంచక ముందు, అసలు పండించిన తీరును బట్టి కూడా అందులోని బలం మారుతుందా? కింద కోయంబత్తూరులో వేర్వేరు ఎరువులతో పండించిన ధాన్యం ఉంది. పైన కూనూరులో ఆహారాన్ని పరీక్షించే సదుపాయం ఉంది. మేట్టుపాళయం దాకా మామూలు రైలు, అక్కడి నుంచి పళ్ళచక్రాల మీద కొండెక్కే చిన్న రైలు. ఆ చిన్న రైల్లో సజ్జలో జొన్నలో గోనె సంచులు కొండెక్కుతున్నట్టు నేను ఊహించుకుంటూ ఉంటాను.

ఆ కాలంలో విటమినును నేరుగా కొలిచే సాధనం లేదు. విటమిను అన్న పేరే 1912లో పుట్టింది. అందుకని ప్రాణులే కొలపాత్రలు. పావురాలకు కేవలం తెల్లగా మర పట్టిన బియ్యం పెడితే కొద్ది వారాల్లో మెడ వెనక్కి వాలి, కాళ్ళు చచ్చుబడతాయి. అటువంటి పక్షులకు పరీక్షించవలసిన ధాన్యం పెట్టి, ఎంత పెడితే కోలుకున్నాయో చూడటం ఒక పద్ధతి. ఎలుక పిల్లలకు ఒక్కో ధాన్యం పెట్టి వారం వారం బరువు తూచడం మరొకటి. ఆలోచిస్తే మనసుకు కష్టంగానే ఉంటుంది. కాని ఆ రోజుల్లో గింజ లోపలికి తొంగి చూడటానికి అంతకంటే కిటికీ లేదు.

1926లో మెక్‌కారిసన్, విశ్వనాథ్ కలిసి ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో తమ ఫలితాలు ప్రకటించారు. చిరుధాన్యం, గోధుమ ఈ రెండింటి పోషక విలువ మీదా, విటమిను విలువ మీదా ఎరువుల ప్రభావం ఏమిటన్నది విషయం. పశువుల ఎరువుతో పండిన గింజ, రసాయన ఎరువుతో పండిన గింజ కంటే పోషణలో మెరుగైనదని వారికి తేలింది. మా అవ్వ మాట అచ్చులో కనబడినట్టే.

విశ్వనాథ్ అక్కడితో ఆగలేదు. మరుసటి ఏడు, 1927లో, ఎం. సూర్యనారాయణ అనే సహచరుడితో కలిసి ఇంకో పత్రం ప్రకటించాడు. నా మటుకు నాకు ఇదే ఎక్కువ ఆశ్చర్యం. వేర్వేరు ఎరువులు వేసిన పైర్ల నుంచి విత్తనం తీసి, ఆ విత్తనాన్ని మళ్ళీ నాటి చూశారు. పశువుల ఎరువు తిన్న తల్లి పైరు విత్తనం తర్వాతి పంటలో మెరుగ్గా ఎదిగింది. అంటే తల్లి తిన్న తిండి బిడ్డ మొలకలో కనబడింది. విత్తనం జాతి మారలేదు. అదే జాతి, అదే గింజ ఆకారం. మారింది తల్లి మొక్కకు అందిన తిండి. బాలింత తిండి గురించి మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు పడే ఆరాటం గుర్తుకు రావడం లేదూ?

ఎందుకిలా జరుగుతుంది? అంతకు కొన్నేళ్ళ ముందే లండనులో బాటమ్లీ అనే వృక్షశాస్త్రజ్ఞుడు, కుళ్ళిన సేంద్రియ పదార్థంలో మొక్కకు విటమిను వంటి పదార్థాలు ఉంటాయని, వాటికి ఆక్సిమోన్లు అని పేరు పెట్టి ప్రచారం చేశాడు. కోయంబత్తూరువారి ఆలోచన కూడా ఆ దారిలోనే సాగింది. అయితే అదే 1926లో అమెరికాలో, కాలిఫోర్నియాలో, అన్నా సొమర్ అనే శాస్త్రజ్ఞురాలు లిప్‌మన్‌తో కలిసి మరో సంగతి రుజువు చేసింది. జింకు, బోరాన్ అత్యల్పంగానైనా సరే అందకపోతే మొక్క బతకదని. అప్పటికి ఈ రెండు వార్తలనూ కలిపి చదివినవారు ఉన్నట్టు లేదు. నత్రజని, భాస్వరం, పొటాషు అని మూడే వేసిన మడికి ఆ మూడే అందుతాయి. పశువు ఊరంతా తిరిగి రకరకాల గడ్డి, ఆకు, పొట్టు మేసి వేసిన పేడలో నేలలోని అన్ని ఖనిజాలూ కొంచెం కొంచెం ఉంటాయి, జింకుతో సహా. విశ్వనాథ్ మడిలో పశువుల ఎరువు చేసిన మేలులో కొంత ఈ అల్ప ఖనిజాల పుణ్యం అయి ఉండవచ్చునని నా ఊహ.

ఈ ఫలితాన్ని వేదవాక్కుగా తీసుకోకూడదు కూడా. ఇంగ్లండులో తర్వాత చేసిన పరీక్షల్లో కొందరికి ఇటువంటి ఫలితమే వచ్చింది. మరికొందరికి ఎరువు మార్చినా విటమినులో తేడా ఏమీ కనబడలేదు. మెక్‌కారిసన్ గొప్ప పరిశోధకుడే గాని పొరబడని మనిషి కాదు. గిల్గిత్ గాయిటరుకు మురికి నీటిలోని కాలుష్యమే ముఖ్య కారణమని ఆయన నమ్మాడు. తానే ఆ మురికి మడ్డిని తాగి పరీక్షించుకున్నాడు. అంత తెగువ ఉన్న మనిషి, అయోడిను లోపానికి ఇవ్వవలసిన చోటు ఇవ్వలేదు. ఈ గిల్గిత్ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

కోయంబత్తూరు ఫలితం విదేశాల్లో ఒక ఉద్యమానికి ఊతమయింది. ఇందూరులో కంపోస్టు పద్ధతిని రూపొందించిన ఆల్బర్ట్ హోవర్డ్ 1940లో తన పుస్తకంలో నేల ఆరోగ్యాన్నీ మనిషి ఆరోగ్యాన్నీ ముడివేశాడు. 1939లో ఇంగ్లండులో చెషైర్ వైద్యులు ప్రజల తిండి మీద ఒక ప్రకటన చేసినప్పుడు, ఆ సభలో మాట్లాడిన ఇద్దరు మెక్‌కారిసన్, హోవర్డ్. 1943లో ఈవ్ బాల్ఫర్ సజీవమైన నేల గురించి రాసిన పుస్తకం అక్కడ సేంద్రియ వ్యవసాయానికి పునాది. ఇక్కడ మాత్రం విశ్వనాథ్ తర్వాతి కాలంలో ఢిల్లీలోని ఇంపీరియల్ వ్యవసాయ పరిశోధన సంస్థకు డైరెక్టరయినా, ఆయన వేసిన ప్రశ్న వెనక్కి పోయింది. 1943లో బెంగాలు కరువు వచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత ఓడల్లో వచ్చే గోధుమ కోసం ఎదురుచూసిన రోజులు వచ్చాయి. ఆకలితో ఉన్నవాడికి ముందు కడుపు నిండాలి. 1960ల మధ్యలో పొట్టి రకాల గోధుమ, వరి వచ్చాయి, యూరియా వచ్చింది, గాదెలు నిండాయి. ఆ పని తప్పని నేను అనను. మా తాత చేసిన అప్పు తీరింది ఆ పంటలతోనే. కాని తక్కెడ ఒక్కటే తీర్పరిగా మిగిలింది.

కూనూరు ఒంటి గది మాత్రం పెరిగింది. 1928లో పోషకాహార పరిశోధనశాల అయింది. మెక్‌కారిసన్ 1935లో వెళ్ళిపోయాక ఆక్రాయిడ్ వచ్చి, మన దేశపు ఆహార ధాన్యాలలో ఏమేమి ఎంతెంత ఉన్నాయో 1937లో పట్టికలుగా ప్రకటించాడు. ఆ సంస్థ 1958లో హైదరాబాదుకు తరలింది. 1969 నుంచి దాని పేరు జాతీయ పోషకాహార సంస్థ. తార్నాకలో ఆ భవనాల ముందు నుంచి వెళ్ళే మన బంధువులెంత మందికి దాని పుట్టిల్లు నీలగిరి కొండలని తెలుసో!

వెనక్కి పోయిన ప్రశ్న మళ్ళీ ముందుకు వచ్చిన తీరు విచిత్రం. అది నేల అడుగు నుంచి తన్నుకొని వచ్చింది. హిమాలయాల పాదాల దగ్గర పంత్‌నగర్‌లో వరి ఆకులు కాచు రంగుకు తిరిగి, పైరు గిడసబారిపోతూ ఉండేది. రైతులు దాన్ని ఖైరా అన్నారు. ఏదో తెగులు అనుకున్నారంతా. అక్కడి తెగుళ్ళ శాస్త్రజ్ఞుడు వై.ఎల్. నేనే 1966లో అది తెగులు కాదు, జింకు లోపమని తేల్చాడు. పొలంలో వరికి జింకు లోపాన్ని ఇలా గుర్తించడం ప్రపంచంలో అదే మొదలు. హెక్టారుకు 5 కిలోల జింకు సల్ఫేటు, రెండున్నర కిలోల సున్నం నీళ్ళలో కలిపి పిచికారీ చేస్తే పైరు తేరుకుంది. ఈనాడు కోస్తాలోనూ తెలంగాణలోనూ వరి రైతుకు ఎకరానికి 20 కిలోల జింకు సల్ఫేటు చల్లడం తెలిసిన పనే.

పైరుకు జింకు లేకపోతే ఎదగదు. మరి గింజలో జింకు లేకపోతే? ఆ గింజే ముఖ్యమైన తిండిగా తినే పిల్లలు ఎదగరు. జబ్బులకు త్వరగా లొంగుతారు. టర్కీలో మధ్య అనటోలియా పీఠభూమి నేలల్లో జింకు చాలా తక్కువ. 1990లలో ఇస్మాయిల్ చక్‌మక్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు అక్కడి గోధుమ చేలకు జింకు కలిపిన ఎరువులు వేయించి దిగుబడి పెరగడం చూపించారు. తర్వాత వారి దృష్టి బస్తా మీద నుంచి గింజ మీదకు మళ్ళింది. మన దేశంతో సహా ఏడు దేశాల్లో గోధుమ మీద జరిపిన పరీక్షల ఫలితం 2012లో వచ్చింది. జింకు వేయని చేలో కిలో గోధుమలో సగటున 27 మిల్లీగ్రాముల జింకు ఉంది. నేలలో వేస్తే కొద్దిగానే పెరిగింది. పైరు ఆకుల మీద పిచికారీ చేస్తే మాత్రం 48 మిల్లీగ్రాములకు పెరిగింది. దాదాపు రెట్టింపు!

ఇది ఎలా అంటే, నేలలో వేసిన జింకు అక్కడి సున్నానికీ భాస్వరానికీ చిక్కి చాలా భాగం పైకి రాదు. ఆకు మీద పడినది పోషక నాళాల గుండా తిన్నగా పాలు పోసుకుంటున్న కంకిలోకి దిగుతుంది. అందుకే కంకి వేసిన తర్వాత, గింజ పాల మీద ఉండగా కొట్టిన పిచికారీకి ఎక్కువ ఫలితం. దిగుబడి కోసమైతే ముందే వేయాలి, గింజ బలం కోసమైతే ఆలస్యంగా వేయాలి. చూశారా, ఏది తూచదలచామన్నదాన్ని బట్టి ఎరువు వేసే రోజే మారిపోయింది. వరిలో మాత్రం ఇంత లాభం లేదు. దంపుడు బియ్యంలో జింకు నాలుగో వంతు దాకా పెరిగింది. తెల్లగా మర పట్టిస్తే అందులోనూ కొంత తవుడుతో పోతుంది. ఉత్తర సర్కారు జిల్లాల పాత కథ మళ్ళీ ఎదురవుతున్నదన్నమాట.

ఒక దేశం దేశమే ఈ పని చేసిన ఉదాహరణ ఫిన్లాండు. అక్కడి నేలల్లో సెలీనియం అనే ఖనిజం మొక్కకు అందనంత తక్కువ. పశువులకు కండరాల జబ్బు వచ్చేది. మనుషుల తిండిలోనూ అది చాలనంత లేదు. 1984లో ప్రభుత్వం ఎరువుల్లో సెలీనియం కలపాలని నిర్ణయించింది. ధాన్యానికి వాడే ఎరువు కిలోకు 16 మిల్లీగ్రాములు, అంతే. నాలుగైదేళ్ళలో ప్రజల తిండిలో రోజుకు 40 మైక్రోగ్రాముల చొప్పున ఉన్న సెలీనియం 100 దాటింది. ఎవరికీ మాత్రలు పంచలేదు, ఎవరి వంటకమూ మార్చలేదు. ఎక్కువైందనుకున్నప్పుడు 1990లో మోతాదు తగ్గించారు, తర్వాత కొంత పెంచారు. ఏటా గోధుమ, పాలు, మాంసం పరీక్షిస్తూనే ఉన్నారు. ఆ పరీక్ష లేకపోతే ఇది ప్రమాదం కూడా. మన పంజాబులో నవాన్‌షహర్, హోషియార్‌పూర్ ప్రాంతాల కొన్ని పొలాల్లో సెలీనియం సహజంగానే మితిమీరి ఉంది. అక్కడి మేత మేసిన పశువుల గిట్టలు ఊడిపోయాయి. ఫిన్లాండులో మందు అయినదే ఇక్కడ విషం.

ఇక గిల్గిత్ సంగతి. ఆ పర్వతాలకు అవతలి వైపు, చైనాలోని షిన్‌జియాంగ్‌లో ఖోతాన్ అనే ఎడారి అంచు ప్రాంతం ఉంది. అక్కడా అయోడిను లోపమే. గాయిటరు, పుట్టుకతో మందమతితనం. అయోడిను ఉప్పు ఇంటింటికీ చేరలేదు. 1990ల మొదట్లో చైనా, అమెరికా వైద్యులు కలిసి ఒక సులువైన పని చేశారు. సాగునీటి కాలువలోకి పొటాషియం అయొడేటు ద్రావణాన్ని బొట్టుబొట్టుగా వదిలారు. కాలువ నీరు చేలోకి, చేలోంచి పైరులోకి, గడ్డిలోంచి గొర్రెలోకి, చివరికి తల్లి కడుపులోని బిడ్డకు చేరింది. మనుషుల ఒంట్లో అయోడిను పెరిగింది, పసిపిల్లల మరణాలు తగ్గాయి. అంతకు ఎన్నో దశాబ్దాల ముందు నీటిలో జబ్బును వెతికిన మెక్‌కారిసన్ ఈ కాలువను చూసి ఉంటే ఏమనేవాడో!

ఇంతవరకూ విన్నవారికి ఒక సందేహం రావచ్చు. ఇవన్నీ మన పూర్వులకు తెలియవా అని. జింకు పని పట్టిన వై.ఎల్. నేనే గారే తర్వాతి జీవితంలో ఆ వెతుకులాట చేశారు. పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో పనిచేసి, 1994లో సికిందరాబాదులో వ్యవసాయ చరిత్ర కోసం ఒక ఫౌండేషను పెట్టారు. ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉన్న సురపాలుడి వృక్షాయుర్వేదం ప్రతిని తెప్పించి, నళినీ సాధలే గారి అనువాదంతో 1996లో అచ్చు వేయించారు. అందులో కుణపజలం అని ఒక ద్రవ ఎరువు ఉంది. మాంసం, ఎముకల మజ్జ వంటివి ఉడికించి, నువ్వుల పిండి, తేనె, పాలు వగైరా కలిపి పులియబెట్టి చెట్టు మొదట్లో పోయడం. మాంసకృత్తులు కుళ్ళి మొక్క తీసుకోగల నత్రజనిగా, తదితర పోషకాలుగా మారతాయి కనుక అది పనిచేయడంలో ఆశ్చర్యం లేదు. అదే గ్రంథంలో ఫలానా లేపనం పూస్తే పువ్వు రంగు మారుతుంది, కాలం కాని కాలంలో కాయ కాస్తుంది అన్న మాటలూ ఉన్నాయి. వాటిని అలాగే నమ్మమని నేను పిల్లలకు చెప్పను. పరీక్షించి చూడమంటాను. మా వైపు ఇప్పుడు పంచగవ్యం వాడే రైతులు చాలామంది ఉన్నారు. వాళ్ళకూ అదే మాట. వెంపలి ఆకు తొక్కడం, చెరువు మన్ను తోలడం, చేలో గొర్రెల మంద కట్టించడం, ఇవి ఏ గ్రంథం చూడని మా తాతలు చేసిన పనులే. మంద కట్టిన చేలో మూడో పంట దాకా పైరు రంగు వేరుగా ఉంటుందని మా నాన్న ఇప్పటికీ అంటారు.

ఎరువు ఒక్కటే సర్వస్వం కాదన్న సంగతి కూడా చెప్పాలి. పశ్చిమ బెంగాలులోని బిధాన్ చంద్ర కృషి విశ్వవిద్యాలయం వారు వివిధ దశాబ్దాల్లో విడుదలైన వరి, గోధుమ రకాలను సేకరించి, ఒకే మట్టిలో కుండీల్లో పెంచి చూశారు. 2021లో ప్రకటించిన లెక్క ఇది. 1960ల వరి రకాలలో కిలోకు 27.1 మిల్లీగ్రాములు ఉన్న జింకు, 2000ల రకాలలో 20.6కు తగ్గింది. ఇనుము 59.8 నుంచి 43.1కి తగ్గింది. మట్టి ఒకటే కనుక ఇక్కడ తేడా రకంలో ఉంది. అంటే బస్తా కోసం ఎంచుకుంటూ పోయిన విత్తనం, తెలియకుండానే గింజ బలాన్ని వదులుకుంటూ వచ్చింది. జన్యువులను బయటి నుంచి చొప్పించకుండా దీన్ని సరిచేసే దారి ఎంపికే. ఇక్రిశాట్, మహారాష్ట్రలోని వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి పాత సజ్జ రకంలోంచి ఇనుము ఎక్కువగా ఉన్న మొక్కలను ఏరి ధనశక్తి అనే రకాన్ని 2012లో విడుదల చేశాయి. కాని నేలలో లేనిదాన్ని ఏ రకమూ గింజలోకి తేలేదు. విశ్వనాథ్ మడి మాట అక్కడ ఇంకా చెల్లుతుంది.

వారానికొకసారి మా తరగతిలో పిల్లలకు ఇనుము మాత్రలు ఇస్తాం. నీలం రంగు చిన్న మాత్ర. ప్రార్థన వేళ ఎండలో నిలబడి కళ్ళు తిరిగి పడే ఆడపిల్లలు ప్రతి బడిలోనూ ఉంటారు. వాళ్ళలో రైతు బిడ్డలే ఎక్కువ. ఇంటి నిండా ధాన్యం ఉన్న పిల్లకు మాత్ర ఎందుకు కావలసి వస్తున్నదన్న ఆలోచన నన్ను వదలదు.

పోయిన ఏడు మా బడి వెనుక ఉన్న జానెడు జాగాలో తొమ్మిదో తరగతి పిల్లల చేత నాలుగు చిన్న మడులు వేయించాను. ఒకదానికి ఏమీ లేదు, ఒకదానికి యూరియా, ఒకదానికి మా ఇంటి పెంట దిబ్బలోని ఎరువు, ఒకదానికి రెండూ. పంట సజ్జ. పిల్లలు ఎత్తు కొలిచారు, కంకులు తూచారు. రెండూ వేసిన మడి గెలిచింది. అందరూ చప్పట్లు కొట్టాక వెనుక బెంచీ అమ్మాయి ఒకతె లేచి, "టీచర్, గింజ లోపల ఏముందో మనం తూచలేదు కదా?" అంది. నాకు చాలా సంతోషమయింది. ఆ గంటంతా కూనూరు పావురాల కథ చెప్పాను.

తర్వాత మట్టిని నాలుగు మూలల నుంచి తీసి, నీడలో ఆరబెట్టి, పొట్లం కట్టి భూసార పరీక్షకు పంపాము. జింకు తక్కువ అని కాగితం వచ్చింది. ఈసారి ఆ నాలుగు మడులనూ సగానికి చీల్చి ఎనిమిది చేశాము. సగం మడులకు జింకు సల్ఫేటు పిచికారీ. కంకులు పాలు పోసుకుంటున్నాయి. వచ్చే సోమవారం పొద్దున్నే, ఎండ రాకముందు, పిల్లలు పంపు పట్టుకుంటారు.